మీకు తెలుసా? దుమ్ముగూడెం అడవిలో ఇద్దరి కథ

అడవిలో మనిషి మాయమవడం, దాని వెనుక ఎవరికీ అంతుపట్టని పూజలు జరగడం మన హారర్ నవలలకు ప్రాణం. యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి పాఠకులను హడలెత్తించింది. అంతకు వందేళ్ల ముందే భద్రాచలం అడవి అంచున ఇలాంటి కథే ఒకటి పుట్టింది.

దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్, 1876లో అక్కడికి దగ్గర్లోని ఓ ఊరి వద్ద ఇద్దరిని అక్కడి కోయ తెగవాళ్లు కొలిచే మామిలి దేవతకు బలిచ్చి ఉంటారని గట్టిగా అనుమానించాడు. బస్తర్ వైపు ఏటా కొత్తవాళ్లను గుట్టుచప్పుడు కాకుండా చంపేస్తారని కూడా రాశాడు. మనిషికి బదులు కొండముచ్చును బలిచ్చే ఆచారం గురించీ ఆ రోజుల్లో రాతలున్నాయి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద వెలువరించిన ఏడు సంపుటాల్లో కెయిన్ మాటలకు చోటు దక్కింది.

కెయిన్ రాతలో చనిపోయినవాళ్ల పేర్లు లేవు. చూసినవాళ్లు లేరు. కోర్టు తీర్పూ లేదు. నవలలో అయితే ఆ ఖాళీయే ఉత్కంఠ. ఇక్కడ మాత్రం రుజువు లేని ఆ మచ్చ మొత్తం కోయల మీద పడింది. ఇది అన్యాయం. ఇలాంటి రుజువు లేని అనుమానాలే ఇంకా ప్రాణాలు తీస్తున్నాయి: చేతబడి నెపంతో దాడులు, హత్యలు ఏజెన్సీ పల్లెల్లో ఇప్పటికీ ఆగలేదు.