రాత్రి పదిన్నరకు పాఠమేమిటి?

కిందటి సెప్టెంబరులో బరంపురంలో ఉపకార వేతనాల పంపిణీ సభ అయ్యాక ఒక విద్యార్థి తల్లిగారు నన్ను పక్కకు పిలిచారు. "అన్నయ్యగారూ, మావాడు రాత్రి పదిన్నరకి ఫోను పట్టుకుని కూర్చుంటున్నాడు. ఏమిట్రా అంటే లండన్‌లో పాఠం అంటాడు. ఆ వేళప్పుడు పాఠం చెప్పే మాస్టారు ఎవరండీ?" అని అడిగారు. ఆ అబ్బాయికి ఈ పిచ్చి అంటించింది నేనే. కాబట్టి జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే. మిగతా తల్లిదండ్రులకు కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆ అబ్బాయి వింటున్నది గ్రెషమ్ కాలేజీ ఉపన్యాసం. పేరుకు కాలేజీయే గాని అందులో ప్రవేశ పరీక్ష లేదు, డిగ్రీ లేదు, ఫీజు లేదు. సర్ థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు లండన్‌లో రాయల్ ఎక్స్ఛేంజి కట్టించాడు. దాన్ని 1571లో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. అక్కడి దుకాణాల అద్దెల మీద ఏడుగురు ఆచార్యులను పోషించి, ఊరివాళ్లకు ఉచితంగా పాఠాలు చెప్పించాలని ఆయన వీలునామా రాశాడు. ఆ ప్రకారం 1597లో పాఠాలు మొదలయ్యాయి. ఖగోళం, జ్యామితి, వైద్యం, న్యాయం, సంగీతం, అలంకారశాస్త్రం, మతశాస్త్రం అప్పటి ఏడు విషయాలు. మా కామర్సుకు మాత్రం 1985 దాకా పీఠం లేదు. వర్తకుడు పెట్టిన కాలేజీలో వాణిజ్యానికి దాదాపు నాలుగు వందల ఏళ్లు చోటు దొరకకపోవడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ కాలంలో పెద్ద చదువంటే లాటిన్‌లోనే. గ్రెషమ్ కాలేజీలో మాత్రం లాటిన్‌తోపాటు ఇంగ్లీషులో కూడా చెప్పాలని నియమం పెట్టారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వెళ్లలేని వర్తకులకూ నావికులకూ అర్థం కావాలి గదా! అక్కడ మొదటి జ్యామితి ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్. మీరు ఇంటరులో వాడే లాగ్ టేబుల్స్‌కు పది ఆధారంగా లెక్క కట్టిన మహానుభావుడు ఆయనే. నేపియర్ కనిపెట్టిన లాగరిథమ్ గురించి చదివి, ఆయనను చూడడానికి 1615లో స్కాట్లండు దాకా వెళ్లాడు. 1617లో ఒకటి నుంచి వెయ్యి దాకా అంకెలకు పట్టిక అచ్చు వేశాడు. ఓడ నడిపేవాడికి ఆ పట్టిక ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఈ ఉపన్యాసాలను లండన్‌లోని హాలులో కూర్చునే వినక్కర్లేదు. అదే సమయానికి ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. ఒక గంట సేపు ఉంటుంది. చివర ప్రశ్నలకు సమయం ఇస్తారు. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ప్రశ్న టైపు చేసి పంపవచ్చు. అక్కడ సాయంత్రం ఆరింటికి మొదలయితే మనకు రాత్రి పదిన్నర. చలికాలంలో అది పదకొండున్నర అవుతుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి ఆఖరి ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది నవంబరులో గంట సేపు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ లేచి వచ్చి, "ఏమిటి, మాస్టారు సెలవా?" అని అడిగి మళ్లీ పడుకుంది. కొన్ని ఉపన్యాసాలు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు పెడతారు. అవి మనకు సాయంత్రమే వస్తాయి. పరీక్షలున్న పిల్లలు వాటినే ఎంచుకోవాలి. నిద్ర మానుకుని వినమని నేను ఎవరికీ చెప్పను.

తరువాత రికార్డు కూడా దొరుకుతుంది గదా, ప్రత్యక్షంగానే ఎందుకు వినాలని మీరు అడగవచ్చు. నేను రికార్డులు చూడాలని దాచుకున్నవి చాలా ఉన్నాయి. చూసినవి నాలుగైదు. ఎప్పుడైనా చూడవచ్చు అనుకున్నది ఎప్పుడూ చూడం. ఫలానా రాత్రి ఫలానా గంటకు అన్నప్పుడు బ్యాంకు కౌంటరు తెరిచే వేళలాగా వెళ్లి కూర్చుంటాం. రెండోది ప్రశ్న. దాని గురించి నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను ఖల్లికోట కాలేజీలో బీకాం చదివాను. ఎంకాం చేయాలనుకున్న ఏడాదే మా నాన్నగారు పోయారు. క్లర్కు పరీక్ష రాసి బ్యాంకులో చేరాను. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఫైళ్లలో ఇంగ్లీషు. చదవడం, రాయడం వచ్చుగాని, నలుగురిలో ఇంగ్లీషులో అడగాలంటే నోరు పెగిలేది కాదు. పదవీ విరమణ తరువాత ఈ ఉపన్యాసాలు మొదలుపెట్టినప్పుడు కూడా అంతే. ప్రశ్న టైపు చేయడం, చెరిపేయడం. ఏడాదికి పైగా ఇలాగే జరిగింది.

ఆ తల్లిగారికి జవాబుగా, "అమ్మా, అబ్బాయిని మా ఇంటికే పంపండి, కలిసి వింటాం" అన్నాను. అతను వచ్చాడు. ఆ రాత్రి నాణేల చరిత్ర మీద ఉపన్యాసం. గ్రెషమ్ సూత్రం ఎకనామిక్సులో అందరూ చదివినదే. చెడ్డ ద్రవ్యం మంచి ద్రవ్యాన్ని చలామణి నుంచి తరిమేస్తుందంటారు. కోపర్నికస్ వంటివారు అంతకు ముందే రాసినా, 1858లో మెక్లాయిడ్ అనే ఆర్థికవేత్త దానికి గ్రెషమ్ పేరు పెట్టాడు. కౌంటరులో నేను రోజూ చూసిందే ఇది. చిరిగిన నోటు ముందు మనకిస్తారు, కొత్త నోటు జేబులో దాచుకుంటారు. నా సందేహం ఏమిటంటే, వెండి, బంగారం లేని ఈ కాగితం డబ్బుల కాలంలో ఆ సూత్రం నిలుస్తుందా?

"అడగండి తాతగారూ" అన్నాడు అబ్బాయి. నేను తెలుగులో చెప్పాను, అతను ఇంగ్లీషులో టైపు చేశాడు. నేను చెరపమనే లోపలే పంపేశాడు. మూడో ప్రశ్నగా చదివారు. రెండు రకాల డబ్బుకూ ఒకటే విలువని చట్టం బిగించినప్పుడే చెడ్డది మంచిదాన్ని తరుముతుందనీ, జనానికి ఎంచుకునే వీలుంటే మంచిదే నిలుస్తుందనీ ఆచార్యులు చెప్పారు. జింబాబ్వేలో 2009 నాటికి జనం సొంత డాలరును వదిలి అమెరికా డాలరుకు మారిన సంగతి ఉదాహరణ ఇచ్చారు. ముప్పై ఏడేళ్ల సర్వీసులో నాకు ఎవరూ చెప్పని మాట అది. తప్పు నాదే, నేను ఎవరినీ అడగలేదు.

ఇంగ్లీషు వేగం అందడం లేదని చాలామంది పిల్లలు అంటారు. ముందురోజు ఆ విషయం మీద రెండు పేజీలు తెలుగులోనో, ఒడియాలోనో, మీ బడి భాషలోనో చదవండి. కింద అక్షరాలు వచ్చే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి. పక్కన ఒక నోటుబుక్కు ఉండాలి. మైకేల్ ఫారడే పుస్తకాలు బైండు చేసే కుర్రవాడు. ఒక ఖాతాదారు ఇచ్చిన టిక్కెట్లతో 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. రాసుకున్న నోట్సు తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం దొరికింది. తరువాత సంగతి మీ ఫిజిక్సు పుస్తకంలో ఉంది.

మన దేశపు వేళకు దొరికేవి కూడా ఉన్నాయి. బెంగుళూరులోని ఐసీటీఎస్ పరిశోధన కేంద్రం సైన్సు మీద ప్రజా ఉపన్యాసాలు జరిపి ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఆ ఊళ్లో ఉన్న మనవాళ్లు నేరుగా కూడా వెళ్లవచ్చు. డిగ్రీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం ఉంది. చేరడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టరు క్రెడిట్లలో 40 శాతం దాకా ఇలా సంపాదించవచ్చు. కాని మీ కాలేజీ ఒప్పుకుంటుందో లేదో ముందే రాతపూర్వకంగా కనుక్కోండి. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలలో కొన్నిటికి తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ అనువాదాలు ఉన్నాయి.

తల్లిదండ్రులకు పాత బ్యాంకు ఉద్యోగిగా ఒక మాట. ఇటువంటి ఉచిత ఉపన్యాసానికి పేరు, ఈమెయిలు మించి అక్కర్లేదు. ఖాతా నంబరు, ఓటీపీ అడిగితే అది పాఠం కాదు, వెంటనే మూసేయండి. డేటా ఖర్చు ఎక్కువనిపిస్తే బొమ్మ నాణ్యత తగ్గించి పెట్టండి, మాట బాగానే వినిపిస్తుంది.

ఇప్పుడు మా ముందుగదిలో ముగ్గురు పిల్లలు కూర్చుంటున్నారు. రాత్రి ఉపన్యాసమైతే అబ్బాయి తల్లిగారు కూడా వస్తారు, అయ్యాక కొడుకును వెంటబెట్టుకుని వెళ్తారు. బరంపురంలో ఉన్నవారు రాదలచుకుంటే ట్రస్టు కార్యాలయంలో పేరు చెప్పండి. కుర్చీలు నాలుగే ఉన్నాయి, చాప ఉంది.