గల్ఫ్ లెక్క వడ్డీతో మొదలు

గల్ఫ్‌కు పోయేవాళ్లు అక్కడి తిండి, ఫోన్ ఖర్చులు లెక్కేసుకుంటారు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో అసలు ఖర్చు విమానం ఎక్కకముందే మొదలవుతుంది. భూమి లేని దళిత కుటుంబానికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3,000, ఏడాదికి 36,000 రూపాయలు. వీసా అదే, జీతం అదే. భూమి లేనివారికే ఖర్చు ఎక్కువ.

నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. రసీదు అడగండి. కాంట్రాక్టులో మూల వేతనం ఎంతో, గది, తిండి ఎవరి ఖర్చో చూడండి. ఓవర్‌టైంను లెక్కలోకి తేవద్దు. మూల వేతనంలోంచి తిండి, వడ్డీ, ఇంటి ఖర్చు తీసేయండి. మిగిలిన దాంతో రెండేళ్లలో అసలు తీరదనుకుంటే, అప్పు తేకముందే ఆగడం మేలు.