వానవార్తయు వరదవార్తయు

శ్రావణ భాద్రపద మాసములలో బంగాళాఖాతమున అల్పపీడన మేర్పడి, ఒడిశా తీరమును దాటి ఛత్తీసుగఢు మీదుగా పడమటికి సాగినపుడు, హైదరాబాదు వాతావరణ కేంద్రమువారు ఉత్తర తెలంగాణపు జిల్లాలకు హెచ్చరికలు ప్రకటించుచుందురు. పసుపు, నారింజ, ఎరుపు అను రంగులచే ముప్పుయొక్క తరతమములను దెలుపుదురు. నిజామాబాదు పట్టణమున ఆ ప్రకటనను జదివి కొందఱు గొడుగులు వెదకుకొందురు. మఱికొందఱు, నిన్నటి జోస్యము ఫలింపలేదు గదా యని పరిహసింతురు. ఈ పరిహాసము మాకు సమ్మతము గాదు.

ఒక దినమున 204.4 మిల్లీమీటర్లకు మించిన వానను ఆ శాఖవారు అత్యంత భారీవర్షమందురు. అంకె చిన్నదిగా దోచవచ్చును. కాని యొక యెకరము నేలపై అది యెనిమిది లక్షల లీటర్లకు పైబడిన నీరు. 2025 ఆగష్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లా అర్గొండలో ఇందుకు దాదాపు రెట్టింపు, 40 సెంటీమీటర్లకు మించి కురిసినది. రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది, రహదారులు తెగినవి. 1922లో గట్టిన పోచారము ఆనకట్టమీదుగా నీరు దుమికి పాఱగా, అది తెగునేమో యని జనులు రాత్రియెల్ల భయపడిరి. కట్ట నిలిచినది. నాటి తాపీపనివారికి మనము ఋణపడియున్నాము.

కామారెడ్డి 2016 వఱకు నిజామాబాదు జిల్లాలోనిదే. ఇప్పుడు వేఱు జిల్లా, వేఱు కలెక్టరు, హెచ్చరికపటములో వేఱు రంగు. కాని నీటికీ యెల్లలు దెలియవు. పోచారమున పొంగిన నీరు మంజీరలో బడి నిజాంసాగరమును జేరును. అచ్చటినుండి విడిచినది బోధనుప్రాంతపు టొడ్డులను దాకుచు కందకుర్తికడ గోదావరిలో గలియును. అదే సమయమున దిగువ శ్రీరామసాగరము నిండియున్నచో, దాని వెనుకజలము కందకుర్తివఱకు నెదురెక్కి మంజీరను ముందునకు సాగనీయదు. కావున సాలూర, రెంజలు గ్రామములలో ఎండ కాయుచుండగనే చేలు మునుగవచ్చును. అచ్చటి రైతు చూడవలసినది తన నెత్తిమీది మబ్బును గాదు. మెదకుమీది మబ్బును, నాందేడుమీది మబ్బును.

పంటలు మాఱుటచే నష్టముయొక్క స్వరూపమును మాఱినది. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసిన పిదప ఈసీమ చెఱకుసీమ యయ్యెను. చెఱకు కొన్నినాళ్లు నీటిలో నిలువగలదు. 2015 డిసెంబరులో కర్మాగారము మూతబడినది. చెఱకు తగ్గి వరి, సోయా, పసుపు పెరిగినవి. కాయపట్టిన సోయాచేనిలో రెండుమూడు దినములు నీరు నిలిచినచో చేతికి వచ్చునది యేమియు లేదు. పసుపునకు దుంపకుళ్లు పట్టును.

ఇక జలాశయముల సంగతి. 1931లో పూర్తియైన నిజాంసాగరము తొలుత సుమారు 30 టి.యం.సి.లు పట్టెడిది, పూడికచే నేడు 18కి దిగినది. శ్రీరామసాగరము 112 నుండి 80కి దిగినది. పాత్ర చిన్నదైనకొలది దానిని ముందుగా కొంత ఖాళీచేయుట యావశ్యకము. ఆ మాట యనినంతనే ఆయకట్టుదారులు, వాన రాకున్న యాసంగికి నీరెవరిచ్చెదరని యడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఇంజనీర్లును ఆ నిందకు వెఱచి, జలాశయము నిండువఱకు గేట్ల నెత్తక, నిండిన పిమ్మట నన్నింటిని నొక్కసారి యెత్తుదురు. నిండు జలాశయమును జూచి సంతోషించుట మనకు వాడుక. ఎఱ్ఱరంగు ప్రకటింపబడిన దినమున ఎన్ని యడుగులు దింపవలయునో వేసవిలోనే, ఆయకట్టు రైతులు వినుచుండగా, నిర్ణయించి వ్రాయించుట మేలని మా యభిప్రాయము. అప్పుడు నింద యొక యధికారిపై బడదు.

బాబ్లీ బారేజీ గేట్లను జూలై 1 మొదలు అక్టోబరు 28 వఱకు తెఱచియుంచవలయునని 2013లో సుప్రీముకోర్టు తీర్పిచ్చినది. గేట్లు తెఱచియుండును, కాని పైనుండి యెంత నీరు వచ్చుచున్నదో యొడ్డుననున్న కౌలుదారునకు దెలుపువారెవరు? భూస్వామికి పట్టణమున ఫోనులో వార్త యందును. నదియొడ్డున మోటారును, గొఱ్ఱెలమందను గాచువానికి అర్ధరాత్రి యందవలసినది దండోరాయే. మోటారు విప్పి, పైపులు చుట్టి, మందను మెట్టకు తోలుటకు వానికి పూర్తిగ నొక పగలు కావలయును. గేట్లెత్తుటకు ముందు ఆ యొక్క పగటి వ్యవధి నిచ్చి సాలూర మొదలు కందకుర్తివఱకు ఊరూర చాటింపు వేయింపవలసినదిగా మేము రెవెన్యూ, నీటిపారుదల శాఖలవారిని కోరుచున్నాము.