మేఘం ఆగినచోట ఎనిమిది రోజులు

ఇశ్రాయేలీయుల అరణ్యయాత్రలో ఒక విశేషముంది. ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగాలో వారి చేతుల్లో లేదు. ప్రత్యక్ష గుడారం మీది మేఘం పైకి లేస్తే ప్రయాణం, నిలిచిపోతే విడిది. ఆ విడిది ఒక్క రాత్రే కావచ్చు, ఒక నెల కావచ్చు, ఏడాదీ కావచ్చు (సంఖ్యా. 9:15-23). ఈ వాక్యభాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. కానీ ఆ ఆగడంలోని కష్టమేమిటో 2023 జూన్‌లో, అమెరికాలో ఆగిపోయిన ఒక బండిలో కూర్చుంటే గాని మాకు తెలిసిరాలేదు.

డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి ఆ ఏడాది ఒక సెకండ్ హ్యాండ్ మోటర్ హోమ్ కొన్నాడు. అక్కడివారు దాన్ని ఆర్‌వీ అంటారు. లారీలాంటి బండి మీద కట్టిన చిన్న ఇల్లది. పొయ్యి, ఫ్రిజ్, పడకలు, స్నానాల గది, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే ఉంటాయి. కొన్నిటికి గోడలో ఒక భాగం, అగ్గిపెట్టె అరలా మోటారు సాయంతో బయటికి జరుగుతుంది. దాన్ని స్లయిడ్ అవుట్ అంటారు. బండి ఆగినప్పుడు అది బయటికొస్తే గది విశాలమవుతుంది. మళ్లీ లోపలికి జరిగితేనే బండి కదలాలి.

మేమిద్దరం, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు గ్రాండ్ కేన్యన్ చూడాలని బయలుదేరాం. మొదటి రోజే 750 కిలోమీటర్లకు పైగా వెళ్లి, న్యూ మెక్సికో రాష్ట్రంలో టుకమ్‌కారి అనే చిన్న ఊళ్లో ఆర్‌వీలు నిలుపుకునే పార్కులో రాత్రి ఆగాం. తెల్లవారి స్లయిడ్ లోపలికి రాలేదు. దాన్ని చేత్తో తిప్పి లోపలికి తెచ్చే ఏర్పాటు ఉంది గాని, లోపలి పళ్లచక్రమే విరిగిపోవడంతో అదీ పనిచేయలేదు. గ్రాండ్ కేన్యన్ ఇంకా 900 కిలోమీటర్లకు పైనే ఉంది.

ఇలాంటి బండ్ల రిపేరు మన ఊళ్లో కారు రిపేరులా కాదని అప్పుడు తెలిసింది. కింది చాసిస్, ఇంజను ఒక కంపెనీవి, పైన ఇల్లు కట్టేది మరో కంపెనీ. లారీ మెకానిక్ సాధారణంగా ఇంటి భాగం ముట్టుకోడు. ఇంటి పని తెలిసినవాడు ఇంజను జోలికి పోడు. పైగా వేసవి వచ్చిందంటే అందరూ రోడ్ల మీదే ఉంటారు కనుక షాపుల్లో వరుస పెద్దది. అమెరికా ఆర్‌వీలలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాల్లో తయారవుతాయి. మా బండికి కావలసిన సామాను కూడా అటునుంచే రావాలన్నారు. అంటే దాదాపు 2,000 కిలోమీటర్లు. పార్కుకే వచ్చి చూసిన మెకానిక్ మూడు రోజులన్నాడు. నాలుగో రోజు పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే చక్రానికి పళ్ల లెక్క వేరు! మళ్లీ ఆర్డరు, మళ్లీ ఎదురుచూపు.

ఆ రోజు మాకు కోపం ఆగలేదు. ‘‘పాత బండి కొనొద్దని ముందే చెప్పాం కదా! ఎప్పుడు మా మాట విన్నావు గనుక?’’ అని కోడలి ముందు, పిల్లల ముందు మా అబ్బాయిని గద్దించాం. వాడు బదులు చెప్పకుండా బయటికి వెళ్లిపోయాడు. మా శ్రీమతి మాత్రం మెల్లగా అంది. ‘‘ఏవండీ, దేవుని కోసం కనిపెట్టుకోండని ముప్ఫై ఏళ్లుగా సంఘానికి చెబుతున్నారు. మీరు నాలుగు రోజులు కనిపెట్టలేకపోయారే!’’

ఆ మాట సూటిగా తగిలింది. మన తెలుగు బైబిలులో ఎదురుచూడటానికి కనిపెట్టుకోవడమనే చక్కని మాట ఉంది. లోకవ్యవహారంలో కనిపెట్టడమంటే దాగినదాన్ని తెలుసుకోవడం కూడా. కళ్లు మూసుకుని రోజులు లెక్కపెట్టేవాడు ఎదురుచూస్తాడేమో గాని, కనిపెట్టడు. మేము నాలుగు రోజులుగా చేసింది గడియారం చూసుకోవడమే.

అపొస్తలుడైన పౌలు కూడా ఇలా ఆగిపోయినవాడే. ఓడ బద్దలై 276 మంది మెలితే ద్వీపానికి చేరారు. మరో ఓడ ఎక్కడానికి మూడు నెలలు పట్టింది. రోమాకు వెళ్లి కైసరు ఎదుట నిలవాల్సిన పౌలు ఆ ద్వీపంలో మొట్టమొదట చేసిన పనేమిటి? చలిమంట కోసం పుల్లలేరడం! ఆ తరువాత జ్వరంతో, రక్తవిరేచనాలతో మంచానపడిన పొప్లి తండ్రి కోసం ప్రార్థించి స్వస్థపరిచాడు (అపొ. కా. 28:1-11). రోమా పని మొదలయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు.

మేమూ ఐదో రోజున లేచి పుల్లలేరే పని వెదికాం. ఆర్‌వీలో మురుగునీటి ట్యాంకులు నిండితే గొట్టం తగిలించి ఖాళీ చేయాలి. అప్పటిదాకా అది మా అబ్బాయి ఒక్కడే చేస్తున్నాడు. మేము చేతులకు తొడుగులు వేసుకుని గొట్టం పట్టుకున్నాం. ‘‘వద్దు డాడీ’’ అన్నాడు. ‘‘పట్టుకోనివ్వరా’’ అన్నాం.

పక్క బండిలో ఒక ముసలి దంపతులున్నారు. ఉద్యోగ విరమణ తరువాత ఇల్లు అమ్మేసి ఏడాది పొడుగునా ఆర్‌వీలోనే ఉంటున్నారు. వారి ఇంజనుకు కావలసిన సామాను కోసం ఆరు వారాలుగా చూస్తున్నారు. ‘‘బండి షాపులో పెడితే మాకు ఇల్లే ఉండదు. మోటల్ అద్దె కట్టాలి’’ అందామె. మాకు చెడింది విహారయాత్ర, వారికి చెడింది ఇల్లు! అయినా ఫిర్యాదు లేదు. మా శ్రీమతి పప్పు, అన్నం పంపితే, ఆమె తన భర్త గుండె జబ్బు గురించి చెప్పి ప్రార్థించమంది. వారి బండి గుమ్మం దగ్గర నిలబడి, మా వచ్చీరాని ఇంగ్లిషులో ప్రార్థించాం.

ఆ రాత్రి ఎండ వేడి తగ్గాక తండ్రీకొడుకులం మడత కుర్చీలు వేసుకుని బయట కూర్చున్నాం. చాలాసేపటికి వాడే అన్నాడు. ‘‘డాడీ, నేను సెమినరీకి వెళ్లనని చెప్పినప్పటి నుంచి మీరు నాతో మనసిచ్చి మాట్లాడలేదు. చిన్నప్పుడు కూడా సంఘంలో అందరికీ మీ దగ్గర టైముండేది, నాకు తప్ప. ఈ బండి కొన్నది మీతో వారం రోజులు గడపాలనే.’’

ఏం చెప్పాలి? వాక్యాలు ఎన్నో గుర్తుకొచ్చాయి గాని, అది ప్రసంగించే సమయం కాదు. ‘‘తప్పు మాదేరా, క్షమించు’’ అన్నాం. చాలా ఏళ్ల తరువాత వాడి భుజం మీద చెయ్యి వేశాం. వాడి చిన్నతనం గురించి, మానేసిన సెమినరీ గురించి, అక్కడి వాడి ఒంటరితనం గురించి అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నాం. కొన్ని మాటలు నొప్పించాయి. అయినా విన్నాం.

ఎనిమిదో రోజున సరైన చక్రం వచ్చింది. రెండు గంటల్లో పని పూర్తయింది. కానీ అబ్బాయి సెలవు కూడా పూర్తయింది. బండిని పడమటికి కాక తూర్పుకే, డాలస్‌కు తిప్పాం. ‘‘తాతయ్యా, మనం ఏమీ చూడలేదు కదా!’’ అని మనవడు బుంగమూతి పెట్టాడు. ‘‘మేము మీ నాన్నను చూశాం’’ అన్నాం. వాడికి అర్థం కాలేదు. స్టీరింగు దగ్గర కూర్చున్నవాడికి అర్థమైంది.

పళ్లచక్రాన్ని దేవుడే విరిచాడని మేము చెప్పడం లేదు. పాతబడిన ఇనుము విరుగుతుంది. ప్రతి ఆలస్యానికీ మనకు కారణం తెలియజేయబడదు కూడా. ఆ ముసలాయన గుండె జబ్బుకు, ఆరు వారాల ఆలస్యానికి మా దగ్గర జవాబు లేదు. కానీ సంఖ్యాకాండము 33వ అధ్యాయం చూడండి. ఇశ్రాయేలీయులు దిగిన 40కి పైగా మజిలీల పేర్లు మోషే రాశాడు. వాటిలో చాలాచోట్ల ఏం జరిగిందో రాయబడలేదు. వారక్కడ దిగారు, అంతే. అయినా ఆ పేర్లను దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. ప్రజలు ఊరకే ఆగిన చోటు కూడా ఆయన లెక్కలో ఉంది!

వీసా కోసం, ఉద్యోగం కోసం, ఆసుపత్రి రిపోర్టు కోసం, పిల్లల పెళ్లి కోసం ఈరోజు మీలో ఎందరో ఆగి ఉన్నారు. మేఘం ఎప్పుడు లేస్తుందో మనకు తెలియదు. అది లేచేలోగా, మన పక్క కుర్చీలో ఎన్నేళ్లుగానో మన కోసం ఎదురుచూస్తున్నవారెవరో కనిపెడదాం.