జూదరి వార్ధక్యనిధి



గడచిన మాఘమాసమున మా వీధి యరుగుమీద ఒక వృద్ధమిత్రుడు నన్నడిగిన ప్రశ్నయే ఈ ప్రసంగమునకు కారణము. ఆయన దౌహిత్రుడు అమెరికా పౌరుడై నెవాడా రాష్ట్రమున లాస్ వేగాస్ పట్టణమున నున్నాడు. ఉద్యోగము మానుకొని పేకాటనే జీవనోపాధిగా జేసికొన్నాడట. "పంతులుగారూ, వాడు గెలుచుచున్నానని చెప్పుచున్నాడు. సరే, ముసలితనమున వానికి పింఛను ఇచ్చువారెవరు?" అని ఆయన యడిగెను. జూదము మంచిదా చెడ్డదా యని ఆయన యడుగలేదు. నలుని కథయు ధర్మరాజు కథయు ఆయన నాకంటె బాగుగ నెరుగును.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున జూదమునకొక అధ్యక్షుని నియమింపుమని చెప్పి, గెలిచిన ద్రవ్యములో నూటికి 5 వంతున పుచ్చుకొనవలెనని విధించెను. ఆయన జూదమును మెచ్చుకొనలేదు; లెక్కకు దెచ్చెను. అమెరికా ప్రభుత్వపు దృష్టియు ఇట్టిదే.

ఆ దేశమున యజమాని క్రింద పనిచేయువానికి వార్ధక్యనిధి కూర్చుటలో యజమాని తోడ్పడుట కలదు. తన పని తానే చేసికొను వైద్యునికి, న్యాయవాదికి, వడ్రంగికి ఆ తోడ్పాటు లేదు. ఆ లోపము తీర్చుటకై 1962లో ఒక శాసనము వచ్చెను. దానిని ప్రతిపాదించిన ప్రతినిధి పేరున కీయో పద్ధతి యని వ్యవహరింతురు. 1974లో వ్యక్తి తన పేర తెరువదగిన ఐ.ఆర్.ఏ. ఖాతాయు, 1978లో స్వయంవృత్తివారికి మిక్కిలి సులభమైన సెప్ అను ఖాతాయు ఏర్పడినవి. ఇందు వేసిన సొమ్ముపై ఆ సంవత్సరము ఆదాయపు పన్ను లేదు. వృద్ధాప్యమున తీసికొనునపుడు చెల్లింపవలెను.

అయితే ఈ ఖాతాలలోనికి కష్టార్జితము మాత్రమే ప్రవేశించును. ఇంటి యద్దె, వడ్డీ, లాటరీ బహుమానము పనికిరావు. మరి జూదములో గెలిచినది కష్టార్జితమగునా?

ఈ చిక్కును 1987లో ఆ దేశపు సుప్రీం కోర్టు గ్రోట్‌జింగర్ వ్యాజ్యమున విప్పెను. ఒకడు ఇరువది యేండ్లు అమ్మకముల ఉద్యోగము చేసి, అది పోగా, 1978లో కుక్కల పరుగుపందెములే పనిగా పెట్టుకొనెను. వారమునకు ఆరు దినములు పందెపు మైదానమున నుండి, వివరములు చదువుకొనుటతో కలిపి 60 మొదలు 80 గంటలు శ్రమించెను. 72,032 డాలర్లు ఒడ్డి 70,000 డాలర్లు గెలిచెను. అనగా 2,032 డాలర్లు నష్టము. అయినను, వినోదమునకు గాక జీవనార్థము, నిత్యము, చిత్తశుద్ధితో ఆడువానికి అది వృత్తియే యని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి.

పెద్దలు ఇక్కడ గమనింపవలెను. కోర్టు అతనికి వృత్తిగౌరవము నిచ్చెను గాని, దాచుకొనుటకు కాసైన మిగులలేదు. జూదరి నిధికి మూలమైన కష్టము ఇదియే. పండుగనాడు సరదాకు ఆడి గెలిచినవాడు ఆ గెలుపును ఈ ఖాతాలో వేయజాలడు. వృత్తిగా ఆడువాడు సయితము గెలుపునుండి ఓటమియు ఖర్చులును తీసివేసిన పిమ్మట మిగిలినదానిలోనే కొంత వేయగలడు.

లెక్క చూపెదను. 2025లో ఒకనికి గెలుపు 1,80,000 డాలర్లు, ఓటమి 70,000, ప్రయాణాది వ్యయములు 10,000 అనుకొందము. మిగులు 1,00,000. దీనిపై స్వయంవృత్తివారి పన్ను సుమారు 14,130. అందులో సగము తగ్గింపగా 92,935. శాసనము నాలుగవ వంతు వేయవచ్చునని చెప్పును గాని, అది నిధికి తీసిన తరువాత మిగిలినదానిలో నాలుగవ వంతు గనుక మొత్తములో ఐదవ వంతగును. అనగా 18,587 డాలర్లు. ఏటేట వేయవలెనన్న నిర్బంధము లేదు. సంవత్సరము ముగిసి లెక్క దాఖలుచేయు గడువు వరకు వేయవచ్చును. ఫలము తెలిసిన పిమ్మట దాచుకొను ఈ సౌకర్యము జూదరికి తగినట్లున్నది.

2025లో చేసిన శాసనము 2026 నుండి మరియొక మెలిక పెట్టెను. ఓటమిలో నూటికి 90 వంతులే తగ్గింపనిచ్చును. లక్ష గెలిచి లక్ష ఓడినవానికి చిల్లిగవ్వ మిగులకున్నను 10,000 ఆదాయమని యెంతురు. కౌటిల్యుడైనను గెలిచినవానియొద్దనే పుచ్చుకొనుమనెను గదా! మన దేశమున లాటరీ, పందెముల గెలుపుపై నూటికి 30 వంతున పన్ను విధించి, ఓటమిని లెక్కింపనే లెక్కింపరు గనుక, మనము వారిని చూచి నవ్వుటకు వీలులేదు.

ఇక తాళము సంగతి. 59 ఏండ్ల ఆరు నెలలు నిండకముందు సొమ్ము తీసినచో, కొన్ని మినహాయింపులు తప్ప, పన్నుగాక నూటికి 10 వంతున అదనముగా చెల్లింపవలెను. ఈ నిధిని తాకట్టు పెట్టరాదు. దివాలా తీసినపుడు అప్పులవారు సెప్ ఖాతాను ముట్టకుండ 2005 నాటి శాసనము కాపాడుచున్నది. కాని అప్పులవారినుండి కాచు శాసనము ఖాతాదారునినుండి కాచలేదు. ఆ పదవ వంతునకు సిద్ధపడినవాడు ఏ రాత్రియైనను సొమ్ము తీయుటకు ఉత్తరువు పంపగలడు. తాళపుచెవి వాని మొలనే యున్నది. ఓడినవాడు తిరిగి రాబట్టుకొనవలెనని తపించు గడియలో నూటికి పది యెంత? ఈ యొక్క విషయమున నా మిత్రునికి ధైర్యము చెప్పలేకపోతిని.

సోషల్ సెక్యూరిటీ యను ప్రభుత్వ పింఛను వేరు. దానికి 40 గుర్తులు కావలెను. ఏడాదికి నాలుగు మించి రావు గనుక పదియేండ్లైనను ఆర్జన చూపి పన్ను కట్టవలెను. ఆ పన్నునకు వెరచి కొందరు తమ ఆట వృత్తి కాదనియు వినోదమనియు చెప్పుకొందురు. నేడు మిగిలినదని సంతోషింతురు గాని, ఆ యేడు పింఛను లెక్కలో చేరదు.

కావున నా మిత్రునిచేత మనుమనికి మూడు ప్రశ్నలు వ్రాయించితిని. ఏ దినమున, ఏ చోట, ఏ యాట, ఎవరితో, ఎంత గెలుపు, ఎంత ఓటమి యని దినచర్య వ్రాయుచున్నావా? పన్నుల శాఖవారు 1977లోనే ఇట్టి పుస్తకము ఉంచుకొనుమని సూచించిరి. పందెపు సొమ్మును, వార్ధక్యపు సొమ్మును వేరువేరు సంస్థలలో నుంచితివా? పింఛను గుర్తులు ఇప్పటికి ఎన్ని వచ్చినవి?

ఆయన చీటీ మడిచి కండువా కొంగున ముడివేసికొని, "మొదటిదానికి జవాబు రానీయండి పంతులుగారూ, తక్కినవి తరువాత అడిగెదను" అనుచు కర్ర తీసికొని లేచెను.