అందరికి లేని చలి ఒకరికేల?

మాఘమాసపు చలి అందరికిని ఉన్నదే. కాని నలుగురు హాయిగా కూర్చున్న చోట ఒకరు మాత్రము దుప్పటి కప్పుకొని ముడుచుకొనుచున్నచో, అది వారి తత్వమని విడిచిపెట్టరాదని మనవి చేయుచున్నాము.

ఆహారము ప్రాణవాయువుతో కలియుటచే శరీరమున వేడి పుట్టును. ఆ వాయువును అవయవములకు చేర్చునది రక్తమందలి హిమోగ్లోబిన్. తగినంత ఇనుము లేనిచో ఇది తగ్గును. అప్పుడు చేతులు, పాదములు చల్లబడును. కొద్ది పనికే ఆయాసము వచ్చును. కనురెప్పల లోపలిభాగము పాలిపోవును. ఇదియే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 57 మందికి ఇది ఉన్నట్లు తేలినది. గర్భిణికి 100 మిల్లీలీటర్ల రక్తమున హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గరాదు. రక్తహీనత ముదిరిన తల్లికి ప్రసవ సమయమున రక్తస్రావమైనచో ప్రాణమునకే ముప్పు.

ఇతర కారణములును కలవు. కంఠమందలి థైరాయిడ్ గ్రంథి మందగించినను చలి యెక్కువగా తోచును. బరువు పెరుగును, బడలిక, మలబద్ధము కలుగును. వణుకుతో చలి వచ్చి, పిదప జ్వరము కాసి, చెమట పట్టి తగ్గినచో మలేరియా యని శంకించి, ఆనాడే రక్తపరీక్ష చేయించవలెను.

పంచాయతీ సభ్యులు ఇట్టివారిని, ముఖ్యముగా గర్భిణులను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అచట ఇచ్చు ఇనుము మాత్రలను టీతో గాక నిమ్మరసముతో పుచ్చుకొనుట మేలు. మాత్రలు ఇంటికి చేరినవా అని గాక, కడుపున పడుచున్నవా అని విచారింప కోరుచున్నాము.