తర్వాతి ఆట ఏది?

బ్యాక్‌లాగు అనే మాటకి మన హాస్టల్లో రెండర్థాలున్నాయి. పరీక్షలో పోయి మళ్లీ రాయవలసిన పేపరు మొదటిది. డిస్కౌంటులో కొనేసి, తీరిగ్గా ఆడదాంలే అని పక్కన పడేసిన వీడియోగేము రెండోది. నా దగ్గర మొదటి రకం ఒకటి, రెండో రకం ముప్ఫై ఏడు వున్నాయి. మొదటిది నాకెలా సంక్రమించిందో చెబితే, ఆ ముప్ఫై ఏడింట్లోంచి దేన్ని ఎప్పుడు బయటికి తియ్యాలో కూడా చెప్పినట్టవుతుంది. అంచేత సిగ్గు విడిచి రాస్తున్నాను.

ముందుగా, ఈ గొడవ బొత్తిగా తెలియని గురువులకీ, పూర్వవిద్యార్థులకీ రెండు మాటలు. నేను చెప్పబోయేవి రెండు రకాల ఆటలు. అడ్వెంచరు ఆటంటే పాతాళభైరవి సినిమాలో తోటరాముడి బాపతు. రాముడి కండబలం మొదట ఎంతో చివరా అంతే, మాంత్రికుణ్ణి పడగొట్టేది యుక్తి. ఈ ఆటల్లో హీరో పెరగడు, ఆడేవాడి బుర్ర పెరగాలి. విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు, తాను స్వయంగా తిరిగిన కెంటకీ గుహల్ని తలుచుకుంటూ, తన కూతుళ్లు ఆడుకోవడానికని 1976 ప్రాంతంలో రాసిన ఆటతో ఈ వంశం మొదలైంది. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. గుహ, దీపం, నిధి, అన్నీ అక్షరాలే! 1977లో డాన్ వుడ్స్ దాన్ని ఇంకా పెంచాడు.

రోల్‌ప్లేయింగు ఆట వేరు. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అచ్చు వేయించారు. అందులో మీరొక పాత్ర. మొదట్లో ఎలక కరిచినా ప్రాణం మీదికి వచ్చేంత బలహీనుడు. ఒక్కో పోరాటానికి అనుభవం అంకెల్లో జమ అవుతూ, మెట్టు మెట్టుగా బలవంతుడవుతాడు. కంప్యూటరులోకి వచ్చాక ఆ లెక్కలన్నీ యంత్రమే చూసుకుంటోంది. ఇప్పుడు ఈ రెండు రకాలూ పాలూ నీళ్లలా కలిసిపోయాయి గానీ, అడుగున తేడా మాత్రం వుంది. ఒకటి మీ బుర్రని అడుగుతుంది, రెండోది మీ కాలాన్ని అడుగుతుంది.

ఇక నా భాగవతం. పోయిన నవంబరులో, పరీక్షలింకా పద్దెనిమిది రోజులున్నాయనగా, నా బుద్ధికి ఒక ప్రశ్న తోచింది: నా దగ్గరున్నవాటిలో అన్నిటికంటే గొప్పదేది? అందరూ ఒకే మాట చెప్పారు, 'పెర్సోనా 5' అని. 2016లో జపానులో వచ్చిన ఆట. దాన్ని పెంచి 'రాయల్' అని వేసిన కూర్పు 2022లో మామూలు కంప్యూటర్లకి కూడా వచ్చింది. పూర్తి చెయ్యడానికి సుమారు వంద గంటలు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, రోజుకో గంట ఆడితే ఏం మునిగిందిలే అనుకున్నాను. రోజుకో గంటయితే పద్దెనిమిది రోజుల్లో ఐదో వంతు కూడా అవదన్న లెక్క, ఎమ్మెస్సీ గణితం చదువుతున్న నాకు తట్టలేదు.

ఆ ఆటలో హీరో టోక్యోలో ఒక కాఫీహోటలు అటక మీద కాపురముండే స్కూలు కుర్రాడు. ఆట క్యాలెండరు ప్రకారం నడుస్తుంది. రోజు గడవాలి, స్కూలుకి వెళ్లాలి, సాయంత్రం ఏం చెయ్యాలో మీరు తేల్చుకోవాలి. స్నేహితుడితో తిరగొచ్చు, పని చేసి డబ్బు సంపాదించవచ్చు, కూర్చుని చదువుకోవచ్చు. చదివితే జ్ఞానం పెరుగుతుంది. క్లాసులో మాస్టారు ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి. ఏడాదిలో పరీక్షలు కూడా వస్తాయి. ఇందులో కిటుకేమిటంటే, ఒక రోజు ముగిసేసరికి ఏదో ఒకటి సగంలో వుంటుంది. రేపు ఫలానా వాడు కలుస్తానన్నాడు, ఎల్లుండి వాన పడుతుంది, ఆ ఒక్క రోజూ చూసి పడుకుందాం అనిపిస్తుంది. అలా 'ఒక్క రోజు' చొప్పున తెల్లవారుజాము మూడయ్యేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మా హీరో చాలా బాగా చదివాడు. పరీక్షల్లో క్లాసు ఫస్టు వచ్చాడు. వాణ్ణి లైబ్రరీలో కూర్చోబెట్టి నేను పడ్డ శ్రద్ధలో నాలుగో వంతు నా మీద నేను పెట్టుకుని వుంటే, టోపాలజీ పేపరు పోయేది కాదు. ఫలితాలు వచ్చిన రోజు ఇంటికి ఫోను చేస్తే మా అమ్మ, "జ్వరమేమైనా వచ్చిందేమిట్రా?" అంది. అవునన్నాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే వుంది.

ఆట తప్పు కాదు. నేనడిగిన ప్రశ్న తప్పు. 'గొప్పదేది' అని అడిగితే నూటికి తొంభై మంది గొప్పదే చెబుతారు, అది గొప్పదే అవుతుంది కూడా. నా దగ్గర ఎన్ని గంటలున్నాయి, ఒక దఫాకి ఎంతసేపు కూర్చోగలను, మధ్యలో నాలుగు రోజులు వదిలేస్తే కథ గుర్తుంటుందా? ముందుగా తేల్చుకోవలసినవి ఇవి. ఆట పేరు ఆ తర్వాత.

గంటల లెక్కలో ఇంకో మెలిక వుంది. పుస్తకాల్లోనూ, ప్రకటనల్లోనూ వేసే గంటలు ఇంగ్లీషు గడగడా చదివేవాళ్లవి. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. 'డిస్కో ఎలీసియం' అని 2019లో ఎస్తోనియా వాళ్లు చేసిన ఆట ఒకటుంది. తాగి ఒళ్లు తెలియక పడిపోయి, తన పేరే మరిచిపోయిన ఒక డిటెక్టివ్ కథ. మామూలు అర్థంలో యుద్ధాలే వుండవు. వాడి బుర్రలోని ఇరవై నాలుగు గుణాలు వాడితోనే వాదులాడుతుంటాయి. పది లక్షల పైచిలుకు మాటలున్న ఆట! ఇరవై, ముప్ఫై గంటలంటారు, నాకు నలభై అయిదు పట్టింది. అయినా ఒక్క గంట కూడా దండగ అనిపించలేదు. కాకపోతే రోజంతా టెక్స్టుబుక్కు చదివిన కళ్లతో మాత్రం ముట్టుకోవద్దు. అది సెలవుల్లో, మధ్యాహ్నం నిద్ర పట్టనప్పుడు ఆడవలసింది. 1999 నాటి 'ప్లేన్‌స్కేప్ టార్మెంట్' కూడా ఈ జాతిదే.

అసలు రోల్‌ప్లేయింగు అంటే ఏమిటో రుచి చూద్దామనుకునేవారికి నేను 1995 నాటి 'క్రోనో ట్రిగ్గర్' చెబుతాను. ఇరవై, పాతిక గంటల్లో ముగుస్తుంది, ఎంత పాత లాప్‌టాప్ మీదైనా నడుస్తుంది. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే కథ. ఎక్కడా సాగదీత లేదు. ఇంకా చిన్నది కావాలంటే 2015లో టోబీ ఫాక్స్ చేసిన 'అండర్‌టేల్', ఆరేడు గంటలు. ఒక్కరిని కూడా చంపకుండా చివరిదాకా వెళ్లొచ్చు. చంపితే ఆట గుర్తు పెట్టుకుంటుంది, జాగ్రత్త. 'విచర్ 3' వంటి మహాసముద్రాలు వేసవి సెలవులకి. అది కూడా మీ యంత్రం తట్టుకుంటేనే. నా లాప్‌టాప్ మీద దాంట్లో గుర్రం ఎడ్లబండిలా నడిచింది.

పెద్ద ఆట ముగిసిన వెంటనే ఇంకో పెద్దది ఎత్తుకోకూడదు. పెళ్లి భోజనం చేసి వచ్చినవాడికి రాత్రికి మజ్జిగన్నమే హితవు. పదో గంటలో విసుగొచ్చి వదిలేసి, ఆట బాగాలేదని దాన్ని తిడతాం. నా ముప్ఫై ఏడింట్లో సగం ఇలా అన్యాయంగా శిక్ష పడ్డవే.

పాత అడ్వెంచరు ఆటలు తీసేవారికి ఒక హెచ్చరిక. 1980లలో వచ్చినవాటిలో చాలావరకు దయాదాక్షిణ్యం లేనివి. మొదటి గదిలో ఒక వస్తువు తీసుకోవడం మరిచిపోతే, ఆ సంగతి గంటల తర్వాత, దారి మూసుకుపోయాక గాని తెలియదు. ఇది అన్యాయమని రాన్ గిల్బర్ట్ 1989లో వ్యాసం రాసి, 1990లో 'మంకీ ఐలాండ్' చేసి చూపించాడు. అందులో చావు అనేది దాదాపు లేదు, నవ్వు మాత్రం బోలెడు. మొదలుపెడితే దానితో మొదలుపెట్టండి.

చివరిగా మా జూనియరు సంగతి. భీమిలి వైపు నుంచి వచ్చాడు, వాళ్ల నాన్న వేటకెళ్లే పడవ మీద పని చేస్తాడు. వారానికోసారి నా గదికొచ్చి, "అన్నా, తర్వాత ఏం ఆడమంటావ్?" అనేవాడు. నేనేదో పేరు చెప్పేవాణ్ణి, వెళ్లిపోయేవాడు. మూడో నెలలో గాని నాకు వెలగలేదు. ఆ కుర్రాడు మెస్సులో ఒక్కడే తింటున్నాడు, క్లాసులో ఎవరితోనూ మాట్లాడడు. ఆటల పేర్ల కోసం కాదు, నాలుగు మాటల కోసం వస్తున్నాడు.

ఆ వారం పేరు చెప్పకుండా కూర్చోబెట్టి 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' తెరిచాను. లూకాస్ పోప్ 2018లో చేశాడు. 1807లో ఒక ఓడ మనిషన్నవాడు లేకుండా రేవుకి తిరిగొస్తుంది. మీరు ఈస్టిండియా కంపెనీ తరఫు ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరు. ఓడలో వున్న అరవై మందిలో ఎవరెవరు, ఎవరికేమైందో పుస్తకంలో రాయాలి. మీ దగ్గర ఒక గడియారం వుంటుంది. శవం దగ్గర తెరిస్తే ఆ చావు క్షణం బొమ్మలా నిలబడిపోతుంది, చుట్టూ తిరిగి చూడొచ్చు. ముగ్గురి విషయం సరిగ్గా రాస్తేగాని పుస్తకం ఒప్పుకోదు. సిబ్బంది జాబితాలో భారతీయ నావికులు కూడా వున్నారు. యాస వినాలి, బట్టలు చూడాలి, ఎవడు ఎవడి పక్కన నిలబడ్డాడో గమనించాలి. ఒక్కడు ఆడడానికి చేసిన ఆటే గానీ, నలుగురు చుట్టూ కూర్చుని వాదించుకుంటే దాని అందమే వేరు.

మేం ముగ్గురం తలలు బద్దలు కొట్టుకుంటుంటే, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నవాడు మెల్లిగా, "చుక్కాని పట్టినోడు వాడు కాదన్నా. నిలబడ్డం చూడు, పడవ మీద పనోడు అలా నిలబడడు" అన్నాడు. పుస్తకంలో మార్చి రాశాం. మరో ఇద్దరితో కలిపి అంగీకరించింది. ఆ రాత్రి నుంచి నోటుబుక్కు వాడి చేతిలోనే వుంది. అరవై పేర్లూ పది గంటల్లో కాదు, మూడు వారాలు పట్టాయి. గదిలో మనుషులు మాత్రం నలుగురు నుంచి తొమ్మిది మందయ్యారు.

మొన్న వాడే వచ్చి, "అన్నా, నీ సప్లిమెంటరీ ఎప్పుడు?" అన్నాడు. ఇరవై ఏడో తారీకు అన్నాను. "అయితే అందాకా ఇది మా రూములో వుంటాదిలే" అని నా లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈ వ్యాసం అంచేత కాగితం మీద పెన్నుతో రాశాను.